మూడు గోడల మీద ఒకటే నారాయణ పక్షి

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్న మా గేటు ముందు కారు ఆగింది. దిగినావిడ దుప్పట్లో చుట్టిన వెడల్పాటి అట్టని రెండు చేతులా పట్టుకుని, అది గేటులో పట్టక పక్కకి తిప్పి, మెల్లగా లోపలికి వచ్చింది. కొలతలు చూసి బతికేదాన్ని నేను. రాజమండ్రిలో ఇళ్ళు కట్టుకునేవాళ్ళకి గోడలు కొలిచి ఇటుకెంత, సిమెంటెంత అని అంచనా వేసి ఇస్తాను. దీనికి ఏ కాలేజీలోనూ చదవలేదు. పదో తరగతి ఇంగ్లీషులో తప్పి ఊరుకున్నదాన్ని, లెక్క ఒక్కటీ నాకు నేనే నేర్చుకున్నాను. ఒకసారి చేత్తో పట్టుకున్న వస్తువు కొలత మర్చిపోవడం నాకు చేతకాదు. అందుకే ఆ దుప్పటిలో ఏముందో ఆవిడ నోరు తెరవకముందే తెలిసిపోయింది. అరుగు మీద కూర్చున్నాను.

"పద్మగారంటే మీరేనాండి? భీమవరం దగ్గర్నుంచి వచ్చానండి. అమ్మాజీగారి మనవరాల్ని. చిన్నబాబుగారి అమ్మాయిని, శిరీష అంటారు."

"రా అమ్మా, లోపలికి రా. నాన్నగారు బాగున్నారా?"

"పోయారండి, ఈ ఎండల్లో. సామాను సర్దుతుంటే ఈ బొమ్మ అద్దం పగిలింది. మా తమ్ముడేమో, ఇది అసలుదైతే హైదరాబాదులో కొనేవాళ్ళున్నారు, అమ్మేద్దాం, నకలైతే నువ్వే పట్టుకుపో అన్నాడు. ఇది ఏదో చెప్పగలవాళ్ళు ఇంక మీరొక్కరే ఉన్నారండి."

విప్పబోయింది. "ఉండమ్మా, ముందు కాఫీ తాగు" అన్నాను. కాఫీ కోసం కాదు ఆపింది. ఆ బొమ్మ విప్పి కిటికీ వెలుతురుకి పట్టుకుంటే, నన్ను పెంచిన మా బాబాయి దొంగో కాదో తేలిపోతుంది. ఇన్నేళ్ళుగా ఆ బొమ్మ చూడాలని ఎంత అనుకున్నానో, చూడకుండా ఉండటానికీ అంతే జాగ్రత్తపడ్డాను. అది తనంతట తనే నా ఇంటికి వచ్చింది.

మా నాన్న జంగారెడ్డిగూడెం పక్క తోటల్లో పని చూసుకునేవాడు. నేను పరీక్ష తప్పాక, ఇక్కడుంటే దీనికి పొద్దుపోక పిచ్చెక్కుతుందని, రాజమండ్రిలో ఉన్న మాణిక్యం పిన్ని దగ్గరికి పంపాడు. పిన్ని భర్త కోటేశ్వరరావు బాబాయి. వాళ్ళకి పిల్లల్లేరు. కోటిలింగాల రేవుకి పోయే సందులో పెంకుటిల్లు, ముందు వసారా, వసారాలో ఉత్తరపు వెలుతురు పడేచోట బల్ల. ఆ బల్ల మీద బాబాయి పాత బొమ్మలకి నకళ్ళు వేసేవాడు. అంతకుముందు దుకాణాల బోర్డులు రాసేవాడట. కొత్త హోటళ్ళ హాళ్ళకి, డాక్టర్ల ఇళ్ళకి పాతకాలపు బొమ్మలు పెట్టుకోవడం మొదలయ్యాక, మెయిన్ రోడ్డులో ఫ్రేముల షాపాయన తన పుస్తకాల్లో ఉన్న బొమ్మలు తెచ్చి ఇచ్చి ఇలాంటిది చెయ్యవయ్యా అనేవాడు. దొరల కాలంలో వేసిన కొండలు, కోటలు, తెరచాప పడవలు, మొక్కలు వేళ్ళతో సహా, పిట్టలు ఈకలతో సహా. కాగితం పాతదిగా కనపడాలని టీ డికాక్షనులో ముంచిన గుడ్డతో అద్దేవాడు. ఇల్లంతా తుమ్మబంక, ఆరిన టీ, తడి కాగితం కలిసిన వాసన. తర్వాత ఏ ఇంట్లో టీ పొంగినా నాకు రంగులే గుర్తొచ్చేవి.

బొమ్మ పెద్దది చెయ్యాలన్నా, అంతే కొలతలో దించాలన్నా బాబాయి అసలు బొమ్మ మీద పెన్సిలు గీత పెట్టేవాడు కాదు. చెక్క చట్రానికి అడ్డం నిలువు నూలుదారాలు బిగించి, దాన్ని బొమ్మ మీద ఆనీ ఆనకుండా నిలబెట్టేవాడు. దారాల మధ్య గడుల్లో ఏముందో నేను చూసి చెప్పాలి. "మూడో వరస, ఐదో గడి, కింద మూల నుంచి ముక్కు మొదలు, పై దారం దాకా పోలేదు" అని నేను చదువుతుంటే ఆయన దించుతూ పోయేవాడు. నేను చెప్పింది మళ్ళీ కొలిస్తే తేడా వచ్చేది కాదు. "నీకు ఆ ఇంగ్లీషు ఎందుకే, నీ కంట్లోనే టేపుంది" అనేవాడు. నన్ను ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదలు. ఆయన మీద నాకున్న ఇష్టమంతా ఆ బల్ల దగ్గరే పుట్టింది. తర్వాత అనుమానం పుట్టింది కూడా అక్కడే.

బాబాయికి ఒక పద్ధతి ఉండేది. ప్రతి నకలులోనూ కుడివైపు కింది మూల చిన్న నత్త వేసేవాడు. హిమాలయాల బొమ్మైనా సరే, మంచులో నత్త. షాపాయన నవ్వేవాడు, "మీ నత్త కాశ్మీరు దాకా పాకిందేంటండీ" అని. బాబాయి నవ్వేవాడు కాదు. "రేపెవడన్నా దీన్ని పాతదని చెప్పి అమ్మితే నాకు తెలియాలండి. నత్తుంటే అది నాది" అనేవాడు. ఆ నత్త మీద పిన్నికి ఉన్న నమ్మకం దేవుడి మీద కూడా లేదు.

అమ్మాజీగారు మా ఇంటికి రావడం దసరా వెళ్ళిన కొత్తలో. నీళ్ళరంగు పట్టుచీర, చేతికర్ర, ఒళ్ళో తెల్లటి పంచెలో చుట్టిన బొమ్మ. కారులో భీమవరం నుంచి ఆ బొమ్మని సీటు మీద కూడా పెట్టకుండా వచ్చారావిడ. బల్ల మీద విప్పితే ముగ్గురమూ ముందుకి వంగాం. గోదావరి కొండల మధ్యనుంచి మలుపు తిరిగి బయటికొచ్చే చోటు. వెనక కొండలు తడి నీలం, నది మీద పొగమంచు, దూరంగా ఒక పడవ. ముందు చిక్కటి తుంగలో ఒంటికాలి మీద నిలబడ్డ నారాయణ పక్షి, ఈక ఈకా లెక్కపెట్టేట్టు. ఆనకట్ట కట్టకముందు నది సర్వేకి వచ్చిన ఒక దొర వాళ్ళ పెద్దలింట్లో బస చేసి, తనతో తిప్పుకునే మన చిత్రకారుడి చేత వేయించి ఇచ్చిపోయాడని వాళ్ళింట్లో చెప్పుకుంటారు. అమ్మాజీగారి భర్త రాజుగారు పోయాక ముగ్గురు కొడుకులూ చేలు, చెరువులు, ఇల్లు అన్నీ పంచుకున్నారు. ఇదొక్కటే పంపకానికి లొంగలేదు. పెద్దబాబు నాకు రావాలంటాడు, నడిపిబాబు నేను తప్ప ఎవడూ దీన్ని తుడవలేదంటాడు, చిన్నబాబు మాట్లాడకుండా అన్నం మానేశాడట.

"కోటేశ్వరరావుగారూ, ఇలాంటివే ఇంకో రెండు చెయ్యాలండి" అన్నారు అమ్మాజీగారు. "ముగ్గుర్నీ కన్న తల్లిని, నేను చూసినా తేడా తెలియకూడదు. మూడూ ఒకే ఫ్రేముల్లో పెట్టి చీటీలు తీయిస్తాను. ఎవరికేది వచ్చిందో ఎవరికీ తెలియకపోతే ముగ్గురూ నాదే అసలుదనుకుని పడుంటారు."

"చేస్తానండి. కానీ నా పద్ధతి ఒకటుందండి. మూలని నత్త వెయ్యాలి."

"నత్త వేస్తే ముగ్గురూ భూతద్దాలు పట్టుకుని నత్తని వెతకరూ? వద్దు."

"నా చేతిది నాకు తెలిసిపోద్దండి. ఏది ఎవరింటికెళ్ళిందో నాకు తెలుస్తుంది మరి."

"మీకు తెలియడం ఫర్లేదు. చెప్పకండి. నేనున్నా, నేను పోయినా చెప్పకండి."

బాబాయి పక్షిని చూస్తూనే తలూపాడు. ఆవిడ కారు సందు తిరక్కముందే పిన్ని వసారాలోకి వచ్చింది. "నత్త లేని బొమ్మ ఒప్పుకున్నారేంటండీ? రేపేదన్నా తేడా వస్తే మాట పడేది ఎవరు? వాళ్ళా?" ఆ బొమ్మ చూశాక ఆయన కాదనలేడని మాకూ తెలుసు.

మర్నాడే సూరిబాబుగారు దిగారు. అన్నదమ్ములు ముగ్గురూ ఒకే మాట మీద నిలబడిన పని ఆ ఏడాది అదొక్కటేనేమో. అసలు బొమ్మ మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ కాపలాకి తమ మనిషి ఉండాలన్నారు. దూరపు చుట్టమట. లావుపాటి మనిషి, ఎప్పుడూ నోట్లో కిళ్ళీ. గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని, రంగులు తేవడానికి బాబాయి బయల్దేరినా సంచీ చూపించమనేవాడు. పిన్ని ఆరేసిన దుప్పట్లు మడతపెడుతుంటే ఒకసారి విదిలించండి అక్కయ్యగారూ అన్నాడు. "విదిలిస్తాను గానీ, ఇందులోంచి నదీ కొండలూ రాలితే మీరే ఏరుకోవాలి" అంది పిన్ని. అతను సిగ్గుపడ్డాడు గానీ, చూడటం మాత్రం మానలేదు.

అంతకన్నా కష్టమైంది వంట. నూనె పొగ కాగితానికి విషమని, బొమ్మ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ మూకుడు పొయ్యెక్కకూడదన్నాడు బాబాయి. పోపు లేదు, వేపుడు లేదు, అప్పడం లేదు. పప్పు ఉడకబెట్టడం, చేప పులుసు పోపు లేకుండా కాయడం, పెరుగు. గోదావరి ఒడ్డున పుట్టి పెరిగిన మనిషికి పోపు లేని పులుసు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. మాఘం దాకా అలాగే తిన్నాం. పక్కింట్లో ఆవాలు చిటపటలాడితే పిన్ని మాట మధ్యలో ఆపి వినేది. "ఆ పక్షి ఒంటికాలి మీద, నేనూ ఒంటికాలి మీద. చూద్దాం ఎవరు ముందు కాలు దించుతామో" అనేది.

ఈ మధ్యలోనే నాకు ఒక లెక్క తేలకుండా పోయింది. పాత కాగితంలాంటి మందపాటి కాగితం మన దగ్గర దొరక్క షాపాయన చేత మద్రాసు నుంచి తెప్పించాడు బాబాయి. వచ్చినవి మూడు. చెయ్యాల్సిన నకళ్ళు రెండు. సంక్రాంతి వెళ్ళేసరికి మొదటిది పూర్తయింది, రెండోది మొదలైంది. అప్పుడు అటక మీద పాత పంచెలో చుట్టిన చుట్ట ఒకటి నా కంటపడింది. నాలుగు రోజుల తర్వాత అది లేదు. ఆ మధ్యలో ఒక సాయంత్రం బాబాయి వంతెన మీదుగా కొవ్వూరు వెళ్ళొచ్చాడు. వానా లేదు, ఎండా లేదు, చంకలో గొడుగుంది. సూరిబాబుగారు సంచీ చూశాడు గానీ గొడుగు విప్పి చూడలేదు. నేను వెళ్ళేటప్పుడు గొడుగు లావు చూశాను, వచ్చేటప్పుడూ చూశాను. వచ్చేటప్పుడు సన్నబడింది.

"మూడో కాగితం ఏమైంది బాబాయ్?"

"పాడైపోయిందే. రంగు పారింది."

"ఎక్కడుంది మరి?"

"నీకెందుకే? కొండ దగ్గర గడి చదువు."

ఆయన ఎప్పుడూ నాతో అలా అనలేదు. పాడైన కాగితమైతే వెనక్కి తిప్పి రంగులు పరీక్షించుకోవడానికి వాడుకునేవాడు, ముక్క కూడా పారేసే మనిషి కాదు. నేను గడులు చదివాను గానీ, లోపల ఒకటే లెక్క. మూడు నకళ్ళు వేసి, మూడూ ఆ ఇంటికి పంపి, అసలుది గొడుగులో కొవ్వూరు దాటిస్తే ఎవరికి తెలుస్తుంది? నత్త కూడా లేదు కదా. అంత ముచ్చటపడ్డ బొమ్మ కదా. ఇలా అనుకున్నందుకు నాకు అన్నం సయించేది కాదు, అనుకోకుండానూ ఉండలేకపోయేదాన్ని.

చీటీలు తీసిన రోజు అమ్మాజీగారింటికి మమ్మల్నీ భోజనానికి పిలిచారు. హాల్లో మూడు ఫ్రేములు గోడకి ఆనించి పెట్టారు. మూడు నదులు, మూడు పక్షులు. నేను గడి గడీ చదివినదాన్ని, నాకే తేడా తెలియలేదు. చిన్నబాబుగారి కూతురు, అప్పటికి బడికి కూడా వెళ్ళని పిల్ల, చీటీలు తీసింది. "తన కూతురి చేత తీయించుకున్నాడు" అని నడిపిబాబు గొణిగాడు. అమ్మాజీగారు కర్రతో నేల మీద ఒక్కటి కొట్టారు. అంతే.

ఆ పిల్లే ఇప్పుడు నా ఎదురుగా కాఫీ తాగుతున్న శిరీష. "చీటీలు తీసింది నేనేనంటండి, నాకేం గుర్తులేదు" అంది. నాకు గుర్తుంది. చీటీ తీసి, అందులో చాక్లెట్టుందేమోనని విప్పి చూసి ఏడ్చింది.

వానలు పడ్డాక ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. ముందు నడిపిబాబు, చేతిలో అరటాకులో చుట్టిన పులస. "ఊరికే ఇటు వచ్చామండి, గోదారికి ఎదురీదింది మీకోసమే పట్టించాం" అన్నాడు. బొమ్మ సంగతి ఎత్తకుండా వాతావరణం, చెరువులు, రొయ్యల జబ్బులు అన్నీ మాట్లాడి, చెప్పులేసుకుంటూ అడిగాడు. బాబాయి అటూ ఇటూ చూసి, "మీదేనండి అసలుది. ఎవరితో అనకండి" అన్నాడు. వంటింట్లో నేనూ పిన్నీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. తర్వాత పెద్దబాబు వచ్చాడు. చేతులు ఊపుకుంటూ వచ్చి, పెద్దవాణ్ణి కాబట్టి తెలుసుకోవలసిన బాధ్యత నాకుందన్నాడు. "మీదేనండి. ఎవరితో అనకండి." చిన్నబాబు ఏమీ అడగలేదు, వసారాలో కూర్చుని బాబాయి వంక చూస్తూనే ఉన్నాడు. బాబాయే చెప్పాడు, మీదేనండి అని.

అన్నం దగ్గర పిన్ని నిలదీసింది. "ఆవిడకేమో ఎవరికీ చెప్పనని మాటిచ్చి, ముగ్గురికీ అబద్ధాలు చెప్తారా?"

"చెప్పనన్న మాట తప్పానా? ముగ్గురికీ ఒకటే చెప్తే ఎవడికీ చెప్పనట్టే. పైగా ఒకడికి నిజమే చెప్పాను కదే."

పిన్ని నవ్వింది. నేను నవ్వలేకపోయాను. అసలుది వాళ్ళలో ఎవరి దగ్గరైనా ఉంటేనే కదా, ఒకడికి నిజం చెప్పినట్టు.

అమ్మాజీగారు ఉన్నన్నాళ్ళూ ఆ మాట ముగ్గురి కడుపుల్లోనూ చల్లగా ఉంది. ఎవరికి వాళ్ళు నా గోడ మీదున్నదే అసలుదని మురిసిపోతూ మిగతా ఇద్దర్నీ చూసి జాలిపడ్డారు. ఆవిడ పోయిన పెద్దకర్మ నాడు భోజనాల దగ్గర నడిపిబాబు నోరు జారాడు. అది విని పెద్దబాబు నవ్వాడు. ఆ నవ్వు చూసి చిన్నబాబు లేచాడు. మర్నాడు ముగ్గురూ కలిసి మా సందులోకి వచ్చారు. ఎవరూ చెప్పులు విప్పలేదు.

"ముగ్గురికీ మీదే మీదే అన్నావంటే అసలుది నీ దగ్గరుందన్నమాట" అన్నాడు పెద్దబాబు. అంతకుముందు గారు అనకుండా మాట్లాడని మనిషి.

"లేదండి. మీ ముగ్గురిలో ఒకరి దగ్గరుందండి."

"ఎవరి దగ్గర?"

"అమ్మగారికి మాటిచ్చానండి. చెప్పలేను."

"చచ్చిపోయినావిడ మీద నెట్టేస్తావేంటి?" అని నడిపిబాబు అరిచాడు. "ఊరూరా కొండలకీ గుట్టలకీ నత్తలు వేసేవాడివి, మా బొమ్మకే ఎందుకు వెయ్యలేదో చెప్పు."

సందులో వాళ్ళందరూ అరుగుల మీదికి వచ్చారు. ఆవిడే వద్దన్నారండి అని బాబాయి అంటే ఎవరు నమ్ముతారు? ఆ మాట జరిగినప్పుడు ఉన్నది మేం ముగ్గురమే. మా సాక్ష్యం మాకు పనికిరాదు. వాళ్ళు ఇల్లు వెతికారు. అటక కూడా ఎక్కారు. ఏమీ దొరకలేదు. దొరకనందుకు ఇంకా అనుమానపడ్డారు. నాకైతే వాళ్ళు అటక ఎక్కుతుంటే గొడుగే గుర్తొచ్చింది. ఆ తర్వాత షాపాయన మెల్లగా పని తగ్గించి, ఆపేశాడు. అసలు బొమ్మలు మార్చేస్తాడన్న పేరొచ్చిన మనిషికి పుస్తకం కూడా చేతికివ్వరు. బాబాయి మళ్ళీ దుకాణాల బోర్డులకి దిగాడు. నిచ్చెన మీద నిలబడి ఎరువుల కొట్టు పేరు రాస్తుంటే నేను కింద నిలబడి అక్షరాల ఎడం కొలిచేదాన్ని. ఒక్కసారి, ఒక్క మాట, నాకైనా చెప్తాడేమోనని చూసేదాన్ని. చెప్పలేదు. నేనూ అడగలేదు. అడిగితే నేను కూడా అనుమానిస్తున్నానని తెలిసిపోతుంది. ఆయన గుండెజబ్బుతో పోయేదాకా మా మధ్య ఆ గొడుగు అలాగే ఉంది.

ఆయన పోయిన చాన్నాళ్ళకి, పిన్ని మంచానపడ్డాక, ఒక మధ్యాహ్నం నేను తలదువ్వుతుంటే తనంతట తనే చెప్పింది. ఆ బొమ్మ మా ఇంట్లో ఉన్న ఏడు, సంక్రాంతి ముందు, బాబాయీ నేనూ ఫ్రేముల కలప చూడటానికి వెళ్ళిన పూట, ఇంట్లో తనూ సూరిబాబుగారూ ఉన్నారట. రేవులో అమ్మకానికొచ్చిన రొయ్యలు చూసి ఉండబట్టలేక పిన్ని పెరట్లో మూకుడు పెట్టేసింది. ఆ వాసనకి సూరిబాబుగారు కుర్చీ వదిలి పెరట్లోకి వచ్చి, "అక్కయ్యగారూ, నేనెవరికీ చెప్పను గానీ..." అన్నాడట. ఇద్దరూ కూర్చుని తృప్తిగా తిన్నారు. తిన్నాక, ఇన్నాళ్ళు కాపలా కాస్తున్నాను గానీ దగ్గర్నుంచి ఒక్కసారీ చూడలేదు, చూపిస్తారా అన్నాడు. పిన్ని ఎడంచేత్తో గుడ్డ ఎత్తింది. కుడిచేతిలో, కడగడానికి తీసిన నూనె అట్లకాడ ఉన్న సంగతి మర్చిపోయింది. ఒక్క చుక్క, పక్షి నిలబడ్డ కాలి పక్కన, తుంగలో పడింది.

"పౌడరు డబ్బా మొత్తం పోసేశానే. ఆ మనిషి పక్కన విసనకర్రతో విసురుతూ ఉన్నాడు. తుంగ నల్లగా ఉంటుంది కదా, పైకి కనపడలేదు. కానీ నూనె కాగితం సంగతి నీకు తెలుసుగా, వెలుతురుకి పట్టుకుంటే అద్దంలా మెరుస్తుంది. మీ బాబాయి చూశారో లేదో తెలీదు. చూసినా నన్ను అనలేదు." ఆవిడ ఒక తప్పు చెప్పుకుని తేలికపడింది. నాకు మాత్రం మూడో కాగితం లెక్క తేల్చే దారి దొరికింది. చుక్క పడింది గొడుగు ప్రయాణానికి ముందే కాబట్టి, అది ముగ్గురిలో ఎవరి బొమ్మలో ఉన్నా బాబాయి మంచివాడు. ఎవరి బొమ్మలోనూ లేకపోతే?

పెద్దబాబుగారి ఇంట్లో తుఫాను తడికి బొమ్మ అట్ట ఉబ్బిందని విని, నేనెవరో చెప్పకుండా, ఫ్రేము మార్పించి ఇస్తానని తెచ్చాను. కిటికీకి పట్టాను. లేదు. నడిపిబాబుగారు కొత్తిల్లు కడుతూ మేస్త్రీ ద్వారా అంచనాలకి నన్ను పిలిచారు. నేనెవరో ఆయన పోల్చుకోలేదు. సామాను సర్దుడులో బొమ్మ నేనే అందుకుని, వెనక అట్ట ఊడిందని విప్పి చూశాను. లేదు. మూడింట్లో రెండు పోయాయి. మిగిలిన ఒక్కటీ చూడటానికి నాకు ఎన్నో దారులు దొరికాయి. ఒక్క దారీ పట్టలేదు. చూడనంతకాలం బాబాయికి ఒక బొమ్మ మిగిలుంటుంది.

"చూద్దామాండి?" అంది శిరీష, గ్లాసు కింద పెట్టి.

దుప్పటి విప్పింది. నీలం కొండలు, మంచు, పడవ. చేతులు తుడుచుకుని, వెనక అట్ట ఊడదీసి, కాగితం రెండు అంచులూ పట్టుకుని తూర్పు కిటికీ దగ్గరికి వెళ్ళాను. ఎండ నేరుగా పడుతోంది. కాగితం వెనకనుంచి నది మొత్తం తేనెరంగులో వెలిగింది. నేను ముందు కొండల వైపు చూశాను, తర్వాత పడవ వైపు. ఇంక చూడటానికి ఏమీ మిగలనప్పుడు కిందికి చూశాను. పక్షి కాలి పక్కన, నల్లటి తుంగ మధ్య, పెసరగింజంత వెలుతురు.

గొడుగులో కొవ్వూరు దాటింది నిజంగానే రంగు పారిన నకలే. నత్త లేని నకలు, ఇంట్లో ఉంచుకోకూడదనుకున్నాడు, చింపడానికి చేతులు రాలేదు. గోదావరిలో వదిలేసి ఉంటాడు. అంతే అయ్యుంటుంది. అంత చిన్న సంగతి.

"ఏంటండీ, ఏడుస్తున్నారు?"

"మీదేనమ్మా అసలుది" అన్నాను.

శిరీష నవ్వింది. కొంటెగా కాదు, పెద్దవాళ్ళ మొహమాటానికి నవ్వినట్టు. "మా నాన్నగారికి మీ బాబాయిగారూ ఇదే చెప్పారంటండి. మా పెదనాన్నలిద్దరికీ కూడా."

"కాదమ్మా, ఇలా చూడు. ఇక్కడ, కాలి దగ్గర. ఇది నూనె చుక్క. అసలు బొమ్మ మా ఇంట్లో ఉన్నప్పుడు పడింది." పిన్ని మాట మొత్తం చెప్పాను. రొయ్యలు, అట్లకాడ, పౌడరు, సూరిబాబుగారి విసనకర్ర.

వంగి చూసింది. వేలితో ముట్టబోయి ఆగింది. "సూరిబాబు తాత ఎదురుగానా? ఊరుకోండి. ఆ బొమ్మ అక్కడున్నన్నాళ్ళూ ఆ ఇంట్లో ఆవగింజ చిటపటలాడనివ్వలేదని ఆయన పోయేదాకా చెప్పుకునేవాడండి. అంత జాగ్రత్తగా చూసుకున్నదాని మీద నూనెలా పడుతుంది? నూనె పడిందంటే ఇది నకలేనండి. మీరు నా మనసు కష్టపెట్టకూడదని చెప్తున్నారు." ఆమె మొహంలో ఏ కష్టమూ లేదు. చుక్క మీద నుంచి చూపు తిప్పకుండా, గుండెల్నిండా గాలి పీల్చుకుంది. "పోన్లెండి. నకలైతే నాదే. చిన్నప్పుడు దీని కిందే పడుకునేదాన్ని. తమ్ముడికి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పేస్తాను."

"అయితే మీ ఇంట్లో మా బాబాయిని ఇంకా అలాగే అనుకుంటారా?"

దుప్పటి చుడుతున్న చేతులు ఆగాయి. "పెద్దవాళ్ళ గొడవలండి అవన్నీ. మాకెవరికీ ఏం లేదు" అని, నా వైపు చూడకుండా ముడి వేసింది.

ఇప్పుడు ఫోనులో ఒక ఫొటో తీసి పంపిస్తే, సాయంత్రానికి గోడంత బొమ్మ గుడ్డ మీద అచ్చయి వస్తుంది. మొన్న నేను కొలతలకి వెళ్ళిన హోటల్లో ప్రతి గదిలోనూ ఒకే కొండలు, ఒకే పడవ. ఏది అసలుదని అక్కడెవరూ అడగరు. అడగనక్కర్లేని రోజులు వచ్చాయని కొన్నిసార్లు అసూయగా ఉంటుంది. మా సందులో ఒక మనిషి ఈకకి ఈక దించి, అంత బాగా దించినందుకే దొంగ అనిపించుకున్నాడు. ఆయన దొంగ కాదని తెలిసిన మనిషిని ఇప్పుడు నేనొక్కదాన్నే. నా సాక్ష్యం అప్పుడూ పనికిరాలేదు, ఇప్పుడూ పనికిరాలేదు.

కారు దాకా వెళ్ళి బొమ్మ వెనక సీటులో పెట్టడానికి సాయం చేశాను. "తడి తగలనివ్వకమ్మా. ఉత్తరపు గోడకి పెట్టుకో" అని చెప్పాను. తలూపింది. కారు సందు తిరిగేదాకా నిలబడి, లోపలికి వచ్చి, అటక మీదున్న పిన్ని మూకుడు దించి తోమాను. ఎదురింటి కుర్రాణ్ణి పంపి రొయ్యలు తెప్పించాను. బాబాయి ఫొటో ఉన్న గది తలుపు బార్లా తీసి, కిటికీలన్నీ మూసి, నూనె పొగ ఇల్లంతా కమ్ముకునేదాకా వేపాను.